దొంగాట ఆదివారాలు

ఆగస్టు 6, ఆదివారం

నాకు డైరీ రాసే అలవాటు లేదు. ఏదైనా ఉంటే నేను కళ్లజోడని పిలిచే స్నేహితురాలితో చెప్పేసుకునేదాన్ని, మనసు తేలికపడేది. ఇప్పుడు చెప్పుకోవాల్సింది కళ్లజోడు గురించే కాబట్టి ఈ తిప్పలు. నేను పనిచేసే కాలేజీ జంతువుల మ్యూజియంకి సీసాల్లో పోసే స్పిరిట్ పంపే కంపెనీవాళ్లు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఇన్నేళ్లూ అవి ఊగే బల్ల కాలి కింద పెట్టడానికి పనికొచ్చాయి.

ఇవాళ రాళ్ల మ్యూజియం. టీ గ్లాసులు చేతికొచ్చాక ఎప్పటిలాగే ఒకటి, రెండు, మూడు అనుకుని ఇద్దరం ఒకేసారి చెప్పాం. నేను నీలంరాయి అన్నాను. తను దాని పక్కనున్న బూడిదరంగు పలక అంది, ఆకు అచ్చు పడినది. మొక్కల పాఠాలు చెప్పేదానివి, ఆకు కనబడితే ఆగవు కదా అన్నాను. ఎండిపోయిన ఆకు ఎక్కువా, మెరిసే రాయి ఎక్కువా అని ఆఖరి బస్సు వచ్చేదాకా కొట్టుకున్నాం.

పన్నెండేళ్లుగా ఇదే మా దొంగాట. ఈ ఊళ్లో ప్రతి డిపార్టుమెంటూ తన పాత సామాన్లు పారేయలేక ఒక గదిలో సర్దేసి మ్యూజియం అని బోర్డు పెట్టింది. చుట్టుపక్కల ఊళ్లవి కూడా కలుపుకుంటే రెండు వారాలకొకటి చొప్పున మాకు బోలెడు. అన్నీ అయిపోతే మళ్లీ మొదటినుంచి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, వేలు పెట్టి చూపించకూడదు. దొరక్కుండా ఒక్కటి ఎత్తుకుపోవచ్చంటే ఏది ఎత్తుకుపోతావో మనసులో పెట్టుకుని, బయట టీ దగ్గర చెప్పాలి. ఇన్నేళ్లలో ఇద్దరిదీ ఒకటే అయింది ఒక్కసారి. గడియారాల మ్యూజియంలో, స్కూలు పిల్లలు గుంపుగా వచ్చి మమ్మల్ని చెరో మూలకీ నెట్టేసిన రోజు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. తను మాత్రం "అంతేనా ఇక?" అని టీ సగం వదిలేసి బస్సెక్కింది. ఆ రోజు తలనొప్పిగా ఉందేమో.

అసలు సంగతికి వస్తాను. ఇవాళ బస్సు దిగేటప్పుడు కళ్లజోడు నాకు తను పెట్టిన పేరుతో పిలిచి అంది, "ఏమే సీసా, వచ్చేసారి మీ మరదల్ని కూడా తీసుకురా. కొత్త ఊళ్లో ఒక్కతే ఏం చేస్తుంది పాపం."

పాపమట. తమ్ముడికి ఈ ఊరు బదిలీ అయింది, అద్దె ఇల్లు దొరికేదాకా మొగుడూ పెళ్లాలు మా ఇంట్లోనే. మరదలు మంచిదే. వచ్చిన చిక్కల్లా అదే. వంక పెట్టడానికి ఏమీ దొరకదు.

సరేనన్నాను. నాకేం?

ఆగస్టు 20, ఆదివారం

తాళాల మ్యూజియం, బస్టాండు వెనక మేడమీద. వాన. కళ్లజోడు గొడుగులో కళ్లజోడూ మరదలూ నడిచారు. నా గొడుగులో నేనూ నా హ్యాండ్‌బ్యాగూ నడిచాం.

లోపల నేను ముందు. కళ్లజోడుది నత్తనడక, ఎప్పుడూ నా వెనకాలే ఆగి ఆగి వస్తుంది. ఆవిడ వెనక మరదలు. నాకు జైలు తలుపు తాళం నచ్చింది, గుమ్మడికాయంత ఉంది. ముందుకెళ్లి మళ్లీ వెనక్కొచ్చి చూశాను.

టీ దగ్గర ఒకటి, రెండు, మూడు. నేను "జైలు తాళం" అన్నాను. వాళ్లిద్దరూ ఒక్క గొంతుతో "పెన్సిలు డబ్బా తాళం" అన్నారు.

అది జైలు తాళం పక్కనే ఉందట. గోరంతదట. నేను చూడనే లేదు.

మరదలు చప్పట్లు కొట్టింది. "అక్కా, మీదీ అదేనా" అంది. నేను వదినని, ఆవిడ అక్క అయింది అప్పుడే. పన్నెండేళ్లలో నాకు ఒక్కసారి జరిగింది ఈ పిల్లకి మొదటి ఆదివారమే జరిగింది. నిన్నగాక మొన్న వచ్చినదానికి.

ఆగస్టు 21

నాకు అసూయేం లేదు. రాత్రి నిద్రపట్టకపోవడానికి దోమలు.

ఆగస్టు 25, శుక్రవారం

ఇంటికొస్తే కిటికీలో కొత్త కుండీ. "అక్క ఇచ్చింది వదినా, రోజూ నీళ్లు పోయక్కర్లేదట" అంది మరదలు. పన్నెండేళ్లలో కళ్లజోడు నాకు ఒక్క మొక్క ఇవ్వలేదు. ఇచ్చింది, అది చచ్చిపోయింది, అది వేరే సంగతి.

సెప్టెంబరు 2, శనివారం

కాలేజీ అయ్యాక ఆ వైపు పనుండి వెళ్లాను. పనేమిటంటే తూనికల మ్యూజియం చూడటం. రేపు మేం వెళ్లేది అక్కడికే. ముందే ఒకసారి చూసి రాకూడదని మా రూళ్లలో ఎక్కడా లేదు.

నాకు కావలసింది నాకు నచ్చేది కాదు, కళ్లజోడుకి నచ్చేది. అది కనిపెట్టడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఉత్తరాలు తూచే చిన్న త్రాసు. ఇత్తడి పళ్లెం మీద తీగలూ ఆకులూ చెక్కి ఉన్నాయి. చిన్నది, పైగా ఆకులు, ఇక తిరుగులేదు. రేపు చూద్దాం ఎవరిది ఎవరితో కలుస్తుందో.

సెప్టెంబరు 3, ఆదివారం

శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

త్రాసు ముందు చాలాసేపు నిలబడ్డాను. తర్వాత పక్కకి జరిగి కళ్లజోడుకి దారి కూడా ఇచ్చాను. తను వచ్చింది, చూసింది, వెళ్లింది. టీ దగ్గర నేను త్రాసు అన్నాను. తను దాని పక్కనున్న గింజల డబ్బా అంది, వెనకటి రోజుల్లో ఆ గింజలతోనే ముత్యాలు తూచేవారట. మరదలూ గింజల డబ్బాయే.

నా అదృష్టం ఎప్పుడూ ఒక్క బెత్తెడు దూరంలో ఆగిపోతుంది.

"మీ ఇద్దరికీ బాగా కలుస్తోందే" అన్నాను, నవ్వుతూనే.

"నవ్వుతున్నావా, పళ్లు నూరుతున్నావా?" అంది కళ్లజోడు.

త్రాసు గొప్పదా, గింజలు గొప్పవా అని వాదన మొదలుపెట్టబోయింది. నాకు ఓపిక లేదన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూశాను. వాళ్లిద్దరూ కుండీ గురించి మాట్లాడుకున్నారు. ఒక్క కుండీ గురించి అంతసేపు ఏముంటుందో.

సెప్టెంబరు 16, శనివారం

ఇది రాయకుండా ఉంటే మంచిది. కానీ రాస్తున్నాను.

బొమ్మల మ్యూజియం పక్క ఊళ్లో ఉంది, బస్సులో అరగంట. రిటైరయిన డ్రాయింగు మాస్టారు ఒకాయన తన ఇంటి ముందుగదుల్లో పెట్టుకున్నాడు. కొత్తగా తెరిచారు, మేం ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం ఒక్కదాన్నే వెళ్లాను. మళ్లీ పనుండి.

రెండో గదిలో, జరిపే అద్దాలున్న బీరువాలో, రేకుపిట్ట. పచ్చరంగు సగం పోయింది. పక్కన ఒక చీటీ: "కీ ఇస్తే గింజలు పొడుస్తుంది. ప్రస్తుతం పొడవదు."

కళ్లజోడుకి చిన్నప్పుడు వాళ్ల నాన్న ఇలాంటిదే కొనిచ్చాడు. వాళ్లన్నయ్య దాన్ని తొక్కేశాడు. మూడు రోజులు అన్నం మానేసిందట. ఈ సంగతి నాకు చెప్పింది, నాకొక్కదానికే. రేపు ఈ గదిలోకి రాగానే ఈ పిట్ట దగ్గర ఆగిపోతుంది, నాకు చూసినట్టే తెలుస్తోంది. తన పక్కన మరదలు ఆగుతుంది. టీ దగ్గర ఇద్దరూ ఒక్క గొంతుతో పిట్ట అంటారు. అప్పుడు కళ్లజోడు ఆ నాన్న కథ, అన్నం మానేసిన కథ మరదలికి చెబుతుంది. అది నా కథ.

మాస్టారు లోపల ఫోన్లో మాట్లాడుతున్నారు. అద్దం మెత్తగా జరిగింది.

ఒక్క రోజు మాట. సోమవారం తీసుకెళ్లి పెట్టేస్తాను. ఎవరికీ నష్టం లేదు, ఎలాగూ పొడవని పిట్ట.

సెప్టెంబరు 17, ఆదివారం

గుమ్మంలోనే మాస్టారు నమస్కారం పెట్టి, "నిన్న వచ్చారు కదమ్మా. ఇవాళ మీవాళ్లని కూడా తెచ్చారా, సంతోషం" అన్నారు.

కళ్లజోడు నా వైపు చూసింది. నేను గోడమీద గాలిపటం చూశాను.

రెండో గదిలోకి వెళ్లి నేరుగా చెక్కగుర్రం దగ్గర నిలబడ్డాను. ఆ బీరువా వైపు తల తిప్పలేదు. వెనక అడుగుల చప్పుడు ఆగింది. చాలాసేపు ఆగింది. చూసేటప్పుడు మాట్లాడకూడదన్న రూలు పెట్టింది కళ్లజోడే, తప్పిందీ తనే.

"మాస్టారూ, ఇక్కడ ఏముండేది?"

దుమ్ములో రెండు చిన్న కాళ్ల గుర్తులున్నాయట. ఆయన కంగారుగా వచ్చారు. "రేకుపిట్టమ్మా. నిన్న పొద్దున కూడా చూశాను. మా మనవళ్లు తీశారేమో, అడగాలి. మా ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్నది. ఆవిడ పోయాక దాన్నొక్కదాన్నే బల్లమీద పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఒంటరిగా ఉందని ఇంకోటి తెచ్చి పక్కన పెట్టాను. ఆ తర్వాత ఇన్ని అయ్యాయి."

చెక్కగుర్రానికి ఒక కన్ను లేదు. అంతకంటే ఏమీ చూడలేదు నేను.

టీ దగ్గర ఒకటి, రెండు, మూడు అనలేదు కళ్లజోడు, మరదలే అంది. నేను చెక్కగుర్రం అన్నాను. కళ్లజోడు రేకుపిట్ట అంది. మరదలు రేకుపిట్ట అంది.

ఎత్తుకొచ్చేసినా వాళ్లిద్దరిదీ కలిసింది.

"లేనిదాన్ని ఎలా ఎత్తుకుపోతారు? ఇదేం ఆట?" అన్నాను.

"ఒకళ్లు ఎత్తుకుపోయారుగా. ఎత్తుకుపోవచ్చనేగా అర్థం" అంది కళ్లజోడు.

బస్సులో మరదలు ఇద్దరికీ బిస్కెట్లు ఇచ్చింది.

సెప్టెంబరు 18, సోమవారం

సోమవారం మ్యూజియంలకి సెలవు. మ్యూజియంలో పనిచేసేదాన్ని, నాకు ఆ మాత్రం తెలియలేదు.

సెప్టెంబరు 19

కాలేజీలో ఇన్‌స్పెక్షన్. కుదరలేదు.

సెప్టెంబరు 23, శనివారం

కుదిరింది. వెళ్లలేదు. పిట్ట నా బల్ల సొరుగులో ఉంది, దూది చుట్టి పెట్టాను. చచ్చిన పక్షులకి దూది పెట్టీ పెట్టీ చేతికి అదే అలవాటు.

సెప్టెంబరు 29, శుక్రవారం

కళ్లజోడు క్యాంటీన్లో కనబడింది. "ఆదివారం రాలేనే, పేపర్లు దిద్దాలి" అంది. ఏమే సీసా అనలేదు. పన్నెండేళ్లలో పేపర్లు దిద్దాల్సిన ఆదివారాలు ఎన్నో ఉన్నాయి. బస్సులో ఒళ్లో పెట్టుకుని దిద్దేది.

అడగొచ్చుగా. తీశావా అని ముఖం మీద అడిగితే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. అడగకపోతే ఏం చెయ్యాలో అసలే తెలియదు.

అక్టోబరు 1, ఆదివారం

మరదలు పొద్దున్నే తల దువ్వుకుని మంచి చీర కట్టుకుంది. "ఎక్కడికి?" అన్నాను. "ఊరికే, చిన్న పని వదినా" అంది. అర్థమైపోయింది. పేపర్లూ లేవు గీపర్లూ లేవు. నన్ను వదిలేసి ఇద్దరూ వెళ్తున్నారు.

వెనకాలే వెళ్లాను. సిగ్గులేకుండా, ఆటోలో. నీళ్ల పంపుల మ్యూజియం దాటింది. అచ్చుయంత్రాల మ్యూజియం దాటింది. ఒక సందులోకి తిరిగి పళ్ల డాక్టరు మెట్లెక్కింది. గంట తర్వాత దవడ పట్టుకుని దిగింది. నన్ను చూసి ఏడుపు ముఖంతో నవ్వింది. "మీరెందుకొచ్చారు వదినా? ఖర్చంటారేమోనని చెప్పలేదు" అంది. పన్ను పీకారట.

ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాను. ఐసు పెట్టాను. నా అంత నీచురాలు ఈ ఊళ్లో ఉండదు.

అక్టోబరు 7, శనివారం

వెళ్లాను.

దారంతా మాటలు కూర్చుకున్నాను. ఏ మాట కూర్చినా చివర్లో దొంగ అనే వచ్చింది. మాస్టారు తలుపు తీసి, నన్ను చూసి, ముఖం నిండా నవ్వారు.

"అయిపోయిందా అమ్మా, బాగుచేశారా?"

నాకేం అర్థం కాలేదు.

"మీ స్నేహితురాలు మర్నాడే ఫోన్ చేసింది కదా. మా సీసా తీసుకెళ్లింది మాస్టారూ, చెబితే మీరు వద్దంటారని చెప్పకుండా తీసుకెళ్లింది, బాగుచేసి తెస్తుంది అని. కాలేజీలో చచ్చిన పక్షుల్ని కూడా లేపి కూర్చోబెడతారటగా మీరు. నేను మనవళ్లని అనవసరంగా తిట్టాను."

సంచిలోంచి దూదితో సహా తీసి ఇచ్చాను. ఆయన బల్లమీద పెట్టి కీ తిప్పారు. పిట్ట కదల్లేదు. ఇంకోసారి తిప్పారు. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"ఇంకా కాలేదు మాస్టారూ" అన్నాను. "ఇంకో వారం ఇవ్వండి."

"తొందరేం లేదమ్మా" అన్నారు. దూది ఆయనే మళ్లీ చుట్టి ఇచ్చారు.

కళ్లజోడు మర్నాడే ఫోన్ చేసింది. నాతో మాట్లాడకుండా, నాకోసం అబద్ధం ఆడింది. తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరు 11, బుధవారం

పక్షికి దూది కూరడం వచ్చు, గాజుకళ్లు పెట్టడం వచ్చు. స్ప్రింగులు నాకు రావు. చిన్న రేకు మడతలు విప్పి పొట్ట తెరిచాను. లోపల తుప్పు, ఒక పళ్లచక్రం, ఆ చక్రానికి వంగిన పన్ను ఒకటి. నా వేళ్లు లావు, అందడం లేదు.

"నేను పట్టుకోనా వదినా?" అంది మరదలు. దాని వేళ్లు సన్నం. అది పటకారుతో పన్ను నిలబెట్టింది, నేను కుట్టుమిషను నూనె వేశాను. ఇదెక్కడిది అని అడగలేదు. కాసేపటికి తనే అంది.

"మీకు నా మీద కోపం కదా వదినా, ఆటలో."

"ఆటకి కోపమేమిటి?"

"నాకు అక్కడ ఏది బాగుందో ఏమీ తెలియదు. అక్క దేని ముందు ఎక్కువసేపు నిలబడితే అదే చెప్పాను. ఆటంటే అదే అనుకున్నా. ఎవరూ సరిగా చెప్పలేదు."

నూనె బుడ్డి నా చేతిలో ఆగిపోయింది. రెండు నెలలుగా నన్ను కాల్చుకు తిన్నది ఇదా. "ఇంకాస్త ఎడమకి వంచు" అన్నాను.

కీ తిప్పితే పిట్ట మూడుసార్లు పొడిచి పక్కకి పడిపోయింది. మరదలు ఫక్కున నవ్వి దవడ పట్టుకుంది. కాలి కింద బరువుకి చిన్న సీసపు ముక్క అంటించాను. ఇప్పుడు పడటం లేదు.

అక్టోబరు 14, శనివారం

కళ్లజోడుకి ఫోన్ చేశాను. "రేపు బొమ్మల మ్యూజియంకి వస్తావా?"

"చూశాంగా."

"ఒకటి చూడలేదు నువ్వు."

"పొద్దున బస్సుకి రా" అంది.

అక్టోబరు 15, ఆదివారం

ఇద్దరమే వెళ్లాం. మాస్టారు కీ తిప్పారు. పిట్ట టకటకా పొడిచింది, ఆగింది, ఇంకోసారి పొడిచింది. ఆయన లోపలికి వెళ్లారు. ఎంతకీ బయటికి రాలేదు. కళ్లజోడు మళ్లీ కీ తిప్పింది. మళ్లీ తిప్పింది. పదేళ్ల పిల్లలా వంగి కూర్చుని చూసింది. తర్వాత దుమ్ములో ఆ కాళ్ల గుర్తుల మీదే పెట్టి అద్దం జరిపింది.

టీ దగ్గర అడిగింది. "ఎందుకు తీశావే?"

"మీరిద్దరూ దాన్నే అంటారని."

"అంటే?"

"అంటే ఏమిటి? నాతో పన్నెండేళ్లలో ఒక్కసారి కలిసింది. దానితో వచ్చిన రోజే కలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా మండుతోంది. చాలా?"

కళ్లజోడు కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. అది లేకపోతే ఆ ముఖం ఎవరిదోలా ఉంటుంది.

"పిచ్చి మొహమా. నీదీ నాదీ కలవకుండా నేను ఎంత అవస్థ పడ్డానో నీకు తెలుసా? నువ్వు ముందు నడుస్తావు. దేని దగ్గర ఆగి, వెళ్లిపోయి, మళ్లీ వెనక్కొచ్చి చూస్తావో అది నీది. దాని పక్కనున్నది నాది. రెండూ ఒకటైతే ఇక కొట్టుకోడానికి ఏముంటుంది? గడియారాలప్పుడు చూశాంగా. ఆ పిల్లల గుంపులో నువ్వు కనబడలేదు, కలిసి చచ్చింది. టీ కూడా పూర్తవకుండానే ఇంటికి పోయాం."

"మరి మరదలితో?"

"ఆ పిల్ల ఎక్కడ నిలబడిందో నాకేం తెలుసు? నేను చూస్తేగా."

"పిట్ట రోజు?"

"ఆ రోజు నేరుగా గుర్రం దగ్గరికి పోయి నిలబడ్డావు, ఆ ఒక్క బీరువా వైపు తల తిప్పలేదు. ఇంకెక్కడ చూడమంటావు నన్ను?"

నాకు ఏడుపొచ్చింది. టీ కొట్టు ముందు, టీకి వచ్చినవాళ్లందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆవిడ కొంగు ఇవ్వలేదు. "సీసా పగిలింది" అంది.

తర్వాత రేకుపిట్ట గొప్పదా, చెక్కగుర్రం గొప్పదా అని ఆఖరి బస్సు దాకా కొట్టుకున్నాం. చెక్కగుర్రం నాకు అసలు నచ్చలేదు, అయినా ఒప్పుకోలేదు.

అక్టోబరు 29, ఆదివారం

ముగ్గురం. నీళ్ల పంపుల మ్యూజియం. మరదల్ని నేనే రమ్మన్నాను. ఇల్లు దొరికింది, వచ్చే నెల వెళ్లిపోతారు. "ఈసారి ఎవరినీ చూడకు, నీకు నచ్చిందే చెప్పు" అని కూడా చెప్పాను.

లోపలికి వెళ్లాక ఒక చిక్కొచ్చింది. నేను దేని దగ్గరా ఆగలేదు. కళ్లజోడు ఎక్కడ ఆగుతుందో చూసి, దాని పక్కది చెబుదామని. ఇన్నేళ్ల బాకీ ఒక్కసారైనా తీరుద్దామని. కళ్లజోడేమో నేను ఆగితే చూద్దామని తనూ ఆగలేదు. నేను నెమ్మదిగా నడిస్తే తను ఇంకా నెమ్మదిగా నడిచింది. "నడు" అని కళ్లతో సైగ చేసింది. "నువ్వే నడు" అని నేను సైగ చేశాను. ఇద్దరం గేదెల్లా గది చుట్టూ తిరిగాం. వాచ్‌మన్ మమ్మల్ని అనుమానంగా చూశాడు. ఆ గదిలో ఎక్కడైనా నిలబడింది మరదలొక్కతే. ఒక మూల నిలబడి, ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చింది.

టీ దగ్గర ఒకటి, రెండు, మూడు.

"కొంగమెడ కుళాయి" అంది మరదలు, గట్టిగా, మొదటిసారి ఎవరి వైపూ చూడకుండా.

"దాని పక్కనున్న నూనెడబ్బా" అన్నాను నేను.

అనాలనుకుని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"నీదేమిటే?" అని కళ్లజోడుని అడిగాను.

"నాకేం నచ్చలేదు అందులో" అంది. నా వైపూ మరదలి వైపూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. రెండు నెలలు రోజూ అద్దంలో చూశాను.

మరదలు అప్పటికే మొదలుపెట్టింది. "నూనెడబ్బాలో ఏముంది వదినా, కుళాయి మెడ చూశారా అసలు?" అంది. డబ్బా మూత చూశావా నువ్వు అన్నాను.

కళ్లజోడు టీ చల్లారిపోయిందని గ్లాసు బల్లమీద పెట్టేసింది. చల్లారలేదు. టీ కొట్టతను ముగ్గురివీ ఒకేసారి పోశాడు. నాది ఇంకా పొగలు కక్కుతోంది. ఊదుకుంటూ నెమ్మదిగా తాగాను.